ట్రాక్టరుకు ఏ ఇంజను? ఋణం తీసుకొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు

ట్రాక్టరు ఋణానికి దరఖాస్తు చేసే రైతును బ్యాంకు అధికారి అడిగే తొలి ప్రశ్నలలో "ఏ ట్రాక్టరు?" అనేది ఒకటి. జవాబు క్షణంలో వస్తుంది. రైతు పేరు చెబుతాడు, రంగు చెబుతాడు, ఎన్ని అశ్వశక్తులో చెబుతాడు, తన బావమరిది వద్ద కూడా అదే ఉన్నదని చెబుతాడు. "అందులోని ఇంజను ఎవరు తయారుచేసినది? ఎన్ని సిలిండర్లు? దేనితో చల్లబడుతుంది?" అని అడిగితే మాత్రం డీలరు వైపు చూస్తాడు. డీలరు తన చేతిలోని కరపత్రం వైపు చూస్తాడు.

రైతు సోదరులారా, బ్యాంకు వాయిదాను తీర్చేది బానెట్టు మీది పేరు కాదు, దాని క్రింద ఉన్న ఇంజను. చక్రాలు, గేరుపెట్టె, హైడ్రాలిక్ లిఫ్టు అవసరమైనవే. కాని డీజిలు త్రాగేది, వేడెక్కేది, అరిగేది, ఆగిపోతే మొత్తం పనిని ఆపివేసేది ఇంజనే. అందుచేత ఈ వ్యాసంలో ట్రాక్టరు మార్కుల మంచిచెడ్డల జోలికి పోకుండా, ఇంజను ఎంపికను గురించి మాత్రమే ముచ్చటించుకొందాము.

ఒక అనుభవంతో మొదలుపెడతాను. కొన్ని సంవత్సరాల క్రితం గోదావరి డెల్టాలో ఒక ఋణగ్రహీత వద్దకు వాయిదా విషయమై వెళ్ళవలసి వచ్చింది. ట్రాక్టరు కొత్తది, రైతు నిజాయితీపరుడు, పొలం మంచిది. అయినా వాయిదా తప్పింది. విచారిస్తే తెలిసినది ఏమిటంటే, సరిగ్గా దమ్ము చేసే రోజుల్లో ఇంజను వేడెక్కి హెడ్ గాస్కెట్ పోయింది. గాస్కెట్ పెద్ద ఖరీదు చేసే వస్తువు కాదు. కాని అది ఆ తాలూకాలో లేదు, జిల్లా కేంద్రంలోనూ లేదు. ట్రాక్టరు 11 రోజులు చెట్టు క్రింద నిలబడింది. గంటకు 1000 రూపాయల అద్దె, రోజుకు 8 గంటల పని అనుకొంటే ఆ 11 రోజుల నష్టం 88,000 రూపాయలు. నాట్లు పూర్తయిన తరువాత ఇంజను బాగుపడింది. అప్పటికి దానితో పని చేయించుకొనేవారు లేరు. ఆ రైతు తన పొలానికి కూడా పొరుగువారి ట్రాక్టరును అద్దెకు పిలుచుకొన్నాడు.

ఇంజను చెడ్డదా అంటే కాదు. అదే ఇంజను మరొక జిల్లాలో, మరొక పనిలో, కూతవేటు దూరంలో మెకానిక్ ఉన్నచోట పదేళ్ళు పనిచేసి ఉండేది.

ఒకే ఊరు, రెండు దారులు

మన దేశంలో ఈ ఇంజను ప్రశ్నకు రెండు భిన్నమైన జవాబులు ఒకే ఊరి నుండి వచ్చాయి. ఆ ఊరు ఢిల్లీకి దక్షిణాన మథుర రోడ్డు మీద ఉన్న ఫరీదాబాద్. దేశ విభజన తరువాత వాయవ్య సరిహద్దు ప్రాంతం నుండి వచ్చిన కాందిశీకుల కోసం 1949లో అక్కడ కొత్త పట్టణ నిర్మాణం ప్రారంభమయింది. ఆ పట్టణానికి తొలి విద్యుత్తును ఇచ్చినది కూడా ఒక డీజిల్ యంత్రమే కావడం విశేషం. యుద్ధ నష్టపరిహారం క్రింద జర్మనీ నుండి వచ్చి కలకత్తాలో పడి ఉన్న జనరేటరు సామగ్రిని అక్కడికి తరలించి నిలబెట్టుకొన్నారు. ఆ తరువాత కర్మాగారాలు వచ్చాయి.

ఆ కర్మాగారాలలో ఒకదాని నుండి 1959 ఏప్రిల్ 24న ఐషర్ ట్రాక్టరు బయటికి వచ్చింది. జర్మనీకి చెందిన ఐషర్ సోదరుల సంస్థ సహకారంతో తయారైన ఆ ట్రాక్టరుకు రేడియేటరు లేదు. ఇంజను చుట్టూ ఇనుప రెక్కలు, వాటి మీదికి గాలిని తోసే పంకా ఉండేవి, అంతే. నీళ్ళు పోయవలసిన పనే లేదు. బావి నీరు మంచిదో కాదో ఆలోచించవలసిన పనీ లేదు.

అదే ఊరిలో ఎస్కార్ట్స్ సంస్థ మరో దారిని పట్టింది. 1960ల తొలినాళ్ళలో పోలండుకు చెందిన ఉర్సుస్ సంస్థ సహకారంతోను, 1971 నుండి అమెరికాకు చెందిన ఫోర్డు సంస్థ సహకారంతోను అది నీటితో చల్లబడే ఇంజన్ల ట్రాక్టర్లను తయారుచేసింది. మన పల్లెలలో నీలిరంగు ఫోర్డు ట్రాక్టరును చూడని పెద్దవారు ఉండరు. ఫోర్డు సంస్థ తన ట్రాక్టర్ల వ్యాపారాన్ని ఇటలీకి చెందిన ఫియట్ సంస్థకు అప్పగించిన తరువాత, 1990లలో ఫరీదాబాద్ ట్రాక్టర్ల మీద ఫార్మ్‌ట్రాక్, పవర్‌ట్రాక్ అన్న పేర్లు కనిపించసాగాయి. 2022లో జపానుకు చెందిన కుబోటా సంస్థ ప్రమోటరుగా చేరడంతో ఎస్కార్ట్స్ పేరు ఎస్కార్ట్స్ కుబోటాగా మారింది. ఐషర్ ట్రాక్టర్ల వ్యాపారం 2005లో మద్రాసుకు చెందిన టాఫే సంస్థ చేతికి వెళ్ళింది. ఆ ట్రాక్టర్లు ఇప్పుడు ఫరీదాబాద్‌లో కాక మధ్యప్రదేశ్‌లోని మండీదీప్‌లో తయారవుతున్నాయి.

ఈ చరిత్రనంతా చెప్పడానికి ఒక కారణం ఉన్నది. పేర్లు మారాయి, యజమానులు మారారు. కాని ఆ రెండు దారులు, అనగా గాలితో చల్లబడే ఇంజను, నీటితో చల్లబడే ఇంజను, నేటికీ మీ ముందు ఉన్నాయి. ఐషర్ సంస్థే 241 వంటి చిన్న నమూనాలను గాలి ఇంజనుతోను, 485 వంటి పెద్ద నమూనాలను నీటి ఇంజనుతోను అమ్ముతున్నది. అనగా ఒకే పేరు చెప్పి కొన్నా, లోపలి సంగతి వేరు కావచ్చును.

వేడి ఎక్కడికి పోతుంది?

డీజిలు మండినప్పుడు పుట్టే వేడిలో స్థూలంగా మూడవ వంతు మాత్రమే పనిగా మారుతుంది. మరొక మూడవ వంతు పొగగొట్టం గుండా పోతుంది. మిగిలినదాన్ని ఇంజను లోహం నుండి తీసివేయకపోతే నూనె పలుచబడి, పిస్టను సిలిండరులో బిగుసుకుపోతుంది. మెకానిక్‌లు "ఇంజను సీజయింది" అనేది దీనినే. కనుక చల్లబరచే పద్ధతి అనేది చిన్న హంగు కాదు. ఇంజను ఆయుష్షు దాని మీదనే ఆధారపడి ఉంటుంది.

గాలి ఇంజనులో రేడియేటరు, నీటి పంపు, రబ్బరు గొట్టాలు, థర్మోస్టాట్ ఉండవు. లేనివి చెడిపోవు గదా! ప్రతి సిలిండరు విడిగా ఉంటుంది కాబట్టి ఒకటి అరిగితే దానిని మాత్రమే విప్పి బాగుచేసుకోవచ్చును. ఉదయం స్టార్టు చేసిన వెంటనే పనికి తగిన వేడికి చేరుకొంటుంది. కాని దాని ప్రాణమంతా రెండింటి మీద ఉంటుంది: పంకాను త్రిప్పే బెల్టు, గాలి ఆడే రెక్కల శుభ్రత. బెల్టు తెగిన సంగతిని డ్రైవరు గమనించక నడిపితే నీటి ఇంజను ఇచ్చినంత వ్యవధిని గాలి ఇంజను ఇవ్వదు. రెక్కల మధ్య దుమ్ము, ఊక, కారిన నూనె కలిసి పిడకవలె గట్టిపడితే, బయటికి ఇంజను బాగానే కనిపిస్తూ లోపల కాగుతూ ఉంటుంది. ఇది ఎక్కువ చప్పుడు చేస్తుంది, నూనెను ఎక్కువగా వేడి చేస్తుంది. అందుచేత నూనె మార్చే గడువును ఒక్కనాడూ మీరకూడదు.

నీటి ఇంజను వేడిని సమానంగా ఉంచుతుంది. ఎక్కువ శక్తి గల మూడు, నాలుగు సిలిండర్ల ఇంజన్లకు ఇదే తగిన పద్ధతి. దీని శత్రువు మనం పోసే నీరే. రాయలసీమలోను, నల్లగొండ, ప్రకాశం జిల్లాల మెట్ట ప్రాంతాలలోను చాలా బోర్ల నీరు గట్టి నీరు. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకొనే పొరను మీరు చూచే ఉంటారు. అదే పొర ఇంజను లోపలి నీటి దారులలోను, రేడియేటరు సన్నని గొట్టాలలోను పేరుకొంటుంది. ఆ పొర వేడిని పోనివ్వదు. రెండు మూడేళ్ళలో రేడియేటరు సగం మూసుకుపోయినా, శీతాకాలంలో ఏమీ తెలియదు. ఎండాకాలం దుక్కిలో ఒక మధ్యాహ్నం ఆవిరి చిమ్ముతుంది.

కంపెనీ చెప్పిన కూలెంటును, చెప్పిన పాళ్ళలో, బ్యాటరీలో పోసే శుద్ధజలంతో కలిపి వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. అది తగ్గినప్పుడల్లా డ్రైవరు పొలం ప్రక్క బోరు వద్ద బకెట్టు నింపి పోస్తే, కూలెంటుకు పెట్టిన ఖర్చు వృథా. ఈ విషయంలో యజమానులకంటె డ్రైవర్లకు నచ్చజెప్పడం ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. వేడిగా ఉన్న రేడియేటరు మూతను తెరవరాదన్న సంగతి వేరుగా చెప్పనక్కరలేదనుకొంటాను, కాని ప్రతి వేసవిలోను చేతులు కాల్చుకొనేవారు ఉంటూనే ఉన్నారు.

మీ నేల, మీ పని

ఈ రెండింటిలో ఏది మంచిదని అడిగితే, మీరు ఎక్కడ, ఏ పని చేస్తారని తిరిగి అడగవలసి ఉంటుంది.

డెల్టాలో ఇనుప చక్రాలు తగిలించి దమ్ము చేసే ట్రాక్టరు గంటల తరబడి నిండు బరువుతో, నెమ్మదిగా కదులుతూ పనిచేస్తుంది. బురద ముందు జాలీ మీదికి చిమ్ముతుంది. అక్కడ 40 అశ్వశక్తులకు పైబడిన నీటి ఇంజను, పెద్ద రేడియేటరు, విప్పి కడగడానికి వీలైన జాలీ ఉన్న ట్రాక్టరు మేలు. డెల్టాలో కాలువ నీరు బోరు నీటికంటె మెత్తనిది కావడం మరొక అనుకూలం.

అనంతపురం ఎర్ర నేలల్లో వేరుశనగకు గొర్రు తోలుకొని, మిగిలిన రోజుల్లో ట్రక్కు తగిలించి ఎరువు, ఇటుక తోలుకొనే రైతు సంగతి వేరు. ఆయన పని తేలిక, నీరు గట్టిది, మెకానిక్ దూరం. ఇటువంటివారికి 25 అశ్వశక్తుల ప్రాంతంలో, ఒకే సిలిండరు గల గాలి ఇంజను అచ్చి వచ్చిన సందర్భాలు ఎన్నో చూచాను. అయితే అదే రైతు దానికి నూర్పిడి యంత్రాన్ని తగిలించి, కళ్ళంలో ఊక ఎగురుతుండగా రోజంతా ఒకేచోట నిలబెట్టి నడిపితే రెక్కలు పూడుకుపోతాయి. నూర్పిడి పనిలో నీటి ఇంజనుకూ ఊక బాధ ఉన్నది, కాని అది ముందు జాలీ మీద కంటికి కనబడుతుంది, చేతితో దులపవచ్చును. గాలి ఇంజనులో అది రేకుల వెనుక దాగి ఉంటుంది.

నల్లరేగడిలో లోతు దుక్కి, రోటవేటరు పని చేసేవారు చిన్న ఇంజనుతో సరిపెట్టుకోవద్దు. తక్కువ శక్తి గల ఇంజనును ఎప్పుడూ నిండు బరువు మీద నడిపితే ధరలో మిగిలినది మరమ్మతులో పోతుంది. దీనికి భిన్నంగా మామిడి, బత్తాయి తోటల రైతులు చెట్ల వరుసల మధ్య గడ్డి కోయడానికి, మందు చల్లడానికి 50 అశ్వశక్తుల ట్రాక్టరును కొనడం అప్పును కోరి తెచ్చుకోవడమే. వారికి 20 అశ్వశక్తులకు అటూ ఇటుగా ఉన్న చిన్న ట్రాక్టరు చాలును. ఈ చిన్న ట్రాక్టర్లు కొమ్మల క్రింద, పొడిగడ్డిలో తిరుగుతాయి కాబట్టి గాలి పీల్చే ఎయిర్ క్లీనరు ఎంత ఎత్తున ఉన్నదో, దాని మూతను విప్పడం ఎంత సులువో చూడండి.

ఎయిర్ క్లీనరు గురించి ఒక మాట. నా ఎరుకలో మన ఇంజన్లను అకాలంగా చంపుతున్నది వేడికంటె దుమ్ము. నూనె గిన్నె ఉన్న ఎయిర్ క్లీనరులో నూనె బురదగా మారినా మార్చకపోతే, ఆ దుమ్ము సన్నని ఆకురాయి పొడివలె రింగులను, లైనర్లను తినివేస్తుంది. అప్పుడు రైతు "ఈ మార్కు ఇంజనే అంత" అంటాడు.

సిలిండర్లు, డీజిలు పంపు

సిలిండర్ల సంఖ్యను గొప్పకోసం చూడవద్దు. ఒకే సిలిండరు ఇంజను ఎక్కువగా అదురుతుంది. నట్లు, బోల్టులు వదులవుతుంటాయి. కాని బోరు చేయించవలసి వచ్చినప్పుడు ఒక లైనరు, ఒక పిస్టను, ఒక జత రింగులతో సరిపోతుంది. మూడు సిలిండర్లకు మూడు జతలు కావాలి. రోడ్డు మీద ఎక్కువ తిరిగేవారికి, రోజంతా సీటు మీద కూర్చొనేవారికి మూడు సిలిండర్లు సుఖం.

కరపత్రాలలో అంతగా కనబడని విషయం డీజిలు పంపు. కొన్ని ఇంజన్లకు ఇన్‌లైన్ పంపు, కొన్నింటికి రోటరీ పంపు ఉంటుంది. ఇన్‌లైన్ పంపు కదిలే భాగాలలో ముఖ్యమైనవాటికి నూనె తడి వేరుగా అందుతుంది. రోటరీ పంపు తేలికగా, పొందికగా ఉంటుంది. కాని దాని లోపలి భాగాలను తడిపేది డీజిలే. కాబట్టి డీజిలులో నీరు, నలుసు ఉంటే అది త్వరగా దెబ్బతింటుంది. పెట్రోలు బంకు దూరమై, డబ్బాలలో డీజిలు తెచ్చి కొట్టంలో నిలువ చేసుకొనే గ్రామాలవారు ఏ పంపు ఉన్నదో తప్పక అడగాలి. రోటరీ పంపు ఉన్నదే కొంటే గుడ్డతో వడకట్టడంతో తృప్తిపడక, ఫిల్టర్లను గడువు ప్రకారం మార్చాలి. నీటిని వేరుచేసే గిన్నెను తరచు ఖాళీ చేయాలి.

50 అశ్వశక్తులకు పైబడిన ట్రాక్టర్లకు మరొక సంగతి ఉన్నది. వీటికి 2023 జనవరి 1 నుండి కొత్త కాలుష్య నిబంధనలు వర్తించడంతో, వీటిలో కామన్ రైల్ పద్ధతిలో, ఎలక్ట్రానిక్ నియంత్రణతో డీజిలు చిమ్మే ఇంజన్లు వచ్చాయి. ఇవి మంచి ఇంజన్లే. కాని వీటిలో లోపాన్ని పసిగట్టడానికి కంప్యూటరు పరికరం కావాలి. స్పానరు పట్టుకొని వచ్చే మీ ఊరి మెకానిక్ చేతిలో అది ఉండదు. ఆ పరికరం, దానిని వాడడం తెలిసిన మనిషి మీ డీలరు వద్ద ఉన్నారా అని స్వయంగా చూచిన తరువాతనే 50 దాటండి.

ఎవరి ఇంజను?

ట్రాక్టరు పేరు, ఇంజను పేరు ఒకటే కావాలన్న నియమం లేదు. టాఫే సంస్థ తయారుచేసే మాస్సీ ఫెర్గూసన్ ట్రాక్టర్లలో చాలాకాలంగా మద్రాసుకు చెందిన సింప్సన్ ఇంజన్లు వస్తున్నాయి. ఆ సింప్సన్ సంస్థ ఇంగ్లండుకు చెందిన పెర్కిన్స్ ఇంజన్ల తయారీతో పైకి వచ్చినది. పంజాబుకు చెందిన స్వరాజ్ ట్రాక్టర్ల ఇంజన్ల కోసం 1980లలో మొహాలీలో స్వరాజ్ ఇంజన్స్ అన్న వేరు సంస్థ ఏర్పడింది. అందులో కిర్లోస్కర్ ఆయిల్ ఇంజన్స్ సంస్థ భాగస్వామిగా ఉండేది. మహీంద్రా వంటి సంస్థలు తమ ఇంజన్లను తామే తయారుచేసుకొంటాయి.

దీనివలన మీకేమి ప్రయోజనమంటే, విడిభాగాలు. ఒకే ఇంజను కుటుంబం ట్రాక్టర్లతోపాటు జనరేటర్లు, నీటి పంపులు, ఇతర యంత్రాలకు కూడా వాడుకలో ఉంటే దాని గాస్కెట్లు, రింగులు, ఫిల్టర్లు చిన్న పట్టణాలలో సైతం దొరుకుతాయి. దాని చేతివాటం తెలిసిన మెకానిక్‌లు నలుగురైదుగురు ఉంటారు. ఫోర్డు పేరు పోయిన తరువాత కూడా ఆ పాత ట్రాక్టర్లు మన పొలాలలో తిరుగుతూ వచ్చాయంటే, వాటికి విడిభాగాలు, పని తెలిసిన చేతులు ఉండడమే కారణం. మీరు కొనదలచిన ఇంజను మీ మండలంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. రెండే ఉంటే ఆగి ఆలోచించండి, ధర ఎంత ఆకర్షణీయంగా ఉన్నా సరే.

పరీక్షా నివేదికను చదవడం

మన దేశంలో ట్రాక్టర్లను మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉన్న కేంద్ర వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థలో పరీక్షిస్తారు. ఈ సంస్థ 1955 నుండి ఉన్నది. దాని వంటి దక్షిణ ప్రాంత సంస్థ మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉన్నది. అక్కడ రైతులకు, మెకానిక్‌లకు ట్రాక్టరు నడపడంలోను, సంరక్షణలోను శిక్షణ ఇస్తారు. బ్యాంకు అధికారులు ఫైలులో పెట్టుకొనే పరీక్షా నివేదికను ఋణగ్రహీత కూడా చూడవచ్చును. నకలు చూపమని డీలరును అడగండి.

అందులోని అంకెలన్నీ మీకు అవసరం లేదు. ముందుగా పి.టి.ఓ. వద్ద గరిష్ఠ శక్తిని చూడండి. కరపత్రంలో 40 అశ్వశక్తులని ఉన్నది ఇంజను శక్తి. యంత్రాలను త్రిప్పే పి.టి.ఓ. వద్దకు వచ్చేసరికి అందులో 85 నుండి 90 శాతం మాత్రమే మిగలడం సహజం. రోటవేటరు కొనేటప్పుడు పనికివచ్చేది ఈ రెండవ అంకె. తరువాత, ఇదే శక్తిని 43 డిగ్రీల ప్రాంతపు ఉష్ణోగ్రతలో కొలిచిన అంకెను చూడండి. మామూలు వాతావరణంలోని శక్తికి, ఎండలోని శక్తికి తేడా తక్కువగా ఉన్న ఇంజను మన రామగుండానికి, రెంటచింతలకు తగినది. నీటి ఉష్ణోగ్రత, నూనె ఉష్ణోగ్రత ఎంతవరకు పెరిగాయో కూడా అక్కడే వ్రాసి ఉంటుంది. పరీక్ష ముగిసిన తరువాత ఇంజనును విప్పి లైనర్లు, రింగులు ఎంత అరిగాయో కొలిచి వ్రాస్తారు. చివరి పుటలలోని ఆ పట్టికను మీ మెకానిక్‌కు చూపండి.

ఇక అన్నిటికంటె మీ జేబుకు దగ్గరైన అంకె డీజిలు వాడకం. దానిని ఒక కిలోవాటు శక్తికి గంటకు ఎన్ని గ్రాములని వ్రాస్తారు. ఉదాహరణకు ఒక ఇంజనుకు 250 గ్రాములు, మరొకదానికి 280 గ్రాములు ఉన్నదనుకొందాము. ముప్పై గ్రాములే గదా అనిపిస్తుంది. మీ ట్రాక్టరు సగటున 15 కిలోవాట్లు, అనగా సుమారు 20 అశ్వశక్తుల పని చేస్తే తేడా గంటకు 450 గ్రాములు. లీటరు డీజిలు సుమారు 830 గ్రాముల బరువు ఉంటుంది కాబట్టి అది అర లీటరుకు కొంచెం పైన, 0.54 లీటరు. వ్యవసాయ ఇంజనీర్లు లెక్కలు కట్టేటప్పుడు ట్రాక్టరు సంవత్సరానికి 1000 గంటలు, పది సంవత్సరాలు పనిచేస్తుందని తీసుకొంటారు. 1000 గంటలకు తేడా 540 లీటర్లు. లీటరు 95 రూపాయలు అనుకొంటే సంవత్సరానికి 51,300 రూపాయలు. మీ ట్రాక్టరు 600 గంటలే తిరిగినా 30,000 రూపాయలు దాటుతుంది. రెండు ట్రాక్టర్ల ధరలో 40,000 తేడా ఉన్నదని తక్కువ ధరది కొన్నవారు రెండవ సంవత్సరం పూర్తికాకముందే ఆ మొత్తాన్ని డీజిలు బంకులో చెల్లిస్తారు. అయితే పోల్చేటప్పుడు రెండు నివేదికలలోనూ ఒకే రకపు పరీక్షలోని అంకెనే పోల్చండి; నిండు బరువు మీద ఒకదానిని, సగం బరువు మీద మరొకదానిని పోల్చితే లెక్క తప్పుతుంది.

బరువు పెరిగి ఇంజను వేగం పడిపోతున్నప్పుడు ఎంత బిగువుగా లాగుతుందో తెలిపే టార్కు అంకె కూడా నివేదికలో ఉంటుంది. ఇది ఎక్కువగా ఉంటే దుక్కిలో మాటిమాటికి గేరు మార్చవలసిన అవసరం ఉండదు. దీనిని అంకెలలో చూడడంకంటె మీ పొలంలో, మీ కల్టివేటరుతో, మీ డ్రైవరు చేత రెండు గంటలు నడిపించి చూడడమే మేలు. డీలరు కార్యాలయం ముందు సిమెంటు రోడ్డు మీద తిప్పి చూపే ప్రదర్శన వలన ఏమీ తెలియదు.

డీలరు మిత్రులకు

డీలరు సోదరులారా, మీరు అమ్మిన ట్రాక్టరు పని సమయంలో ఆగిపోతే నష్టం రైతుతో ఆగదు. వాయిదా తప్పుతుంది, బ్యాంకు శాఖ ఆ మార్కుకు మరల ఋణం మంజూరు చేయడానికి వెనుకాడుతుంది, ఊరిలో మరొక ట్రాక్టరు అమ్ముడుపోదు. పంకా బెల్టు, హెడ్ గాస్కెట్, నాజిల్, నీటి పంపు కిట్టు, ఫిల్టర్లు, ఒక సెట్టు లైనర్లు, రింగులు మీ వద్ద జూన్ మొదటి వారానికి నిలువ ఉండాలి. ఆ నిలువ కోసం కావలసిన పెట్టుబడికి నగదు పరపతి సదుపాయాన్ని గురించి మీ బ్యాంకు శాఖను సంప్రదించండి. గాలి ఇంజనును అమ్మితే రెక్కలను శుభ్రం చేసే విధానాన్ని, నీటి ఇంజనును అమ్మితే కూలెంటు కలిపే విధానాన్ని డ్రైవరుకు తెలుగులో వ్రాసి ఇవ్వండి. ఆంగ్లంలో ముద్రించిన పుస్తకం టూల్ బాక్సులోనే ఉండిపోతుంది.

ఋణం, కొటేషను

ఏ మార్కును కొనాలో నిర్ణయించుకొనేది ఋణగ్రహీతే. బ్యాంకు అధికారి చూచేది ట్రాక్టరుకు తగిన పని ఉన్నదా, పరీక్షా నివేదిక ఉన్నదా, వాయిదా కట్టే ఆదాయం వస్తుందా అన్నవి. సాధారణంగా ట్రాక్టరు ఋణాన్ని 5 నుండి 9 సంవత్సరాలలో తీర్చవలసి ఉంటుంది. వాయిదాలు మీ పంట చేతికి వచ్చే నెలలకు సరిపోయేట్లు మంజూరుకు ముందే అడగండి. ఇంజను విప్పి బోరు చేయించవలసిన సంవత్సరం ఈ గడువులోనే వచ్చే అవకాశం ఉన్నది; ఆ ఖర్చును ముందే లెక్కలో చేర్చుకొని, అద్దె ఆదాయంలో గంటకు కొంత చొప్పున విడిగా దాచుకొన్నవారు ఇబ్బంది పడలేదు.

కొటేషనులో ట్రాక్టరు నమూనాతోపాటు ఇంజను రకం, సిలిండర్ల సంఖ్య, చల్లబరచే పద్ధతి, డీజిలు పంపు రకం వ్రాయించుకోండి. ఒకే నమూనాలో రెండు రకాల ఇంజన్లు దొరికే సందర్భాలున్నాయి కాబట్టి ఈ జాగ్రత్త అవసరం. 2025 సెప్టెంబరు 22 నుండి ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. కొటేషనులో పాత ధరలు కనబడితే సరిచేయించండి. గ్యారంటీ కాలంలో ఉచిత సర్వీసు మీ గ్రామానికి వచ్చి చేస్తారా, ట్రాక్టరును మీరే తీసుకొనివెళ్ళాలా అన్నది కూడా కాగితం మీద ఉండాలి.

ట్రాక్టరును అప్పగించే రోజున బానెట్టు తెరిపించి, ఇంజను మీద చెక్కిన నంబరును, చాసిస్ నంబరును మీరే చదివి, ఇన్‌వాయిస్‌లోను, భీమా కాగితంలోను ఉన్న నంబర్లతో సరిచూసుకోండి. ఒక్క అంకె తేడా ఉన్నా రిజిస్ట్రేషను వద్ద చిక్కు వస్తుంది, భీమా సొమ్ము ఆగిపోతుంది. సరిచూసుకొన్న తరువాతనే డెలివరీ రసీదు మీద సంతకం చేసి, దాని నకలును బ్యాంకు శాఖలో అందజేయండి.